మేడ మీద కుండీల్లో కూరగాయలు: బరువు, మట్టి, బోరు నీళ్ళ విషయంలో సలహా కావాలి

సందెపొద్దు (నాచారం):

అందరికీ నమస్కారం. హైదరాబాదు నాచారంలో మాది రెండంతస్తుల సొంత ఇల్లు. మా మామగారు కట్టించినది కాబట్టి పైకప్పుకు ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. మేడ సుమారు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటుంది. నైరుతి మూలన నీళ్ళ ట్యాంకు పోగా మిగిలినదంతా ఖాళీగానే ఉంది. తూర్పు, దక్షిణ దిక్కులు పూర్తిగా తెరిపిగా ఉన్నాయి కానీ పడమట ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేవడంతో మధ్యాహ్నం మూడు దాటితే ఎండ పడదు. ఈ వానాకాలం నుంచి ఇంటికి కావలసిన కూరగాయల్లో కొన్నింటినైనా కుండీల్లో పండించుకోవాలని నేనూ మా అత్తగారూ అనుకుంటున్నాము. నాకు టమాటా, పచ్చిమిర్చి, వంకాయ, బెండకాయ, వీలైతే ఒక ఆనపతీగ పెట్టాలని ఉంది. ఆవిడ మాత్రం పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర ఉంటే చాలని, మిగతావి రైతుబజారులో దొరకనే దొరుకుతాయని అంటున్నారు.

మొదలుపెట్టకముందే మూడు సందేహాలు అడ్డుపడ్డాయి. మొదటిది బరువు. పక్క వీధిలో ఒకరి మేడ మీద తోట పెట్టాక కింది గదిలోకి చెమ్మ దిగిందని విన్నప్పటి నుంచి మా వారు వెనకాడుతున్నారు. రెండవది మట్టి. నర్సరీ అతను అసలు మట్టే వాడవద్దని, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు చాలునని చెప్పాడు. మా మరిదేమో తాను పనిచేసే చోట సెల్లారు తవ్వగా వచ్చిన ఎర్రమట్టిని ఒక ట్రాక్టరు నిండా ఉచితంగా తోలిస్తానంటున్నాడు. మూడవది నీళ్ళు. నల్లా నీళ్ళు దినం తప్పి దినం వస్తాయి, అవి తాగడానికీ వంటకూ సరిపోతాయి. మొక్కలకు బోరు నీళ్ళే గతి. ఆ నీటితో స్నానాల గది కుళాయిలన్నీ తెల్లబడ్డాయి. మృగశిర కార్తె ఇంకెంతో దూరం లేదు గనుక, ముందు ఏది చూసుకోవాలో, ఏ మొక్కతో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

దూలం (తార్నాక):

నేను ఉద్యోగ విరమణ చేసిన సివిల్ ఇంజినీరును. మీరు అడిగిన వాటిలో మొదటిదానికే సమాధానం చెప్పగలను, మొక్కల సంగతి తెలిసినవారు చెబుతారు.

మనుషులు ఎక్కి తిరిగే చదును కప్పుకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. మరమ్మతులకు మాత్రమే ఎక్కే కప్పులకైతే అందులో సగమే. మీ ఇంటిని మేస్త్రీ అంచనా మీద కాకుండా ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం కట్టించి ఉంటే ఈ 150 కిలోలు మీకు వర్తిస్తాయి. అయితే తోటకూ, తోటలో తిరిగే మనుషులకూ, ఎప్పుడైనా తూము పూడుకుపోయి నిలిచే వాన నీటికీ కలిపి ఉన్న వాటా అదే.

ఇప్పుడు ఒక సంచి లెక్క చూడండి. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న గ్రోబ్యాగులో 43 లీటర్లు పడుతుంది. అందులో ఉత్త మట్టి నింపి తడిపితే 75 కిలోల వరకు తూగుతుంది. మట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి నింపితే 50 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే తేలిక మిశ్రమంతోనైనా ఒక చదరపు మీటరులో, అనగా దాదాపు 11 చదరపు అడుగుల్లో, మూడు సంచులు పెట్టేసరికి వాటా పూర్తయినట్టే. అందుకే రెండుకు మించి పెట్టవద్దంటాను. ఇక మేడ మీద నేరుగా ఇటుకలు పేర్చి, ప్లాస్టిక్ పట్టా పరచి, అడుగు పైన మట్టి పోసి మడులు కట్టే పద్ధతి ఒకటి ఈమధ్య వీడియోల్లో బాగా కనిపిస్తోంది. 15 అంగుళాల మందం తడి మట్టి చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. దానికోసమే లెక్కగట్టి వేసిన కప్పు అయితే తప్ప ఆ పని చేయకూడదు.

మొత్తం బరువు ఎంత ముఖ్యమో, అది ఎక్కడ పడుతున్నదన్నది కూడా అంతే ముఖ్యం. కింది గదుల గోడలు, దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని మేడ మీద సుద్దముక్కతో గీతలు గీయండి. వంగ, టమాటా, తీగజాతి మొక్కల బరువైన సంచులన్నీ ఆ గీతల వెంబడే ఉండాలి. గది నడిమధ్య భాగంలో ఆకుకూరల తేలిక తొట్లు తప్ప మరేమీ ఉంచకండి. సజ్జల మీద, ముందుకు పొడుచుకు వచ్చిన బాల్కనీ అంచుల మీద బరువు పెట్టవద్దు. పిట్టగోడ మీద కుండీ పెట్టడం ఇంటికన్నా వీధిలో నడిచేవారికి ఎక్కువ ప్రమాదం. పాతబస్తీలో ఇనుప దూలాల మీద బండలు పరచి కట్టిన పాత ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ లెక్కలేవీ వాటికి పనికిరావు, అటువంటి ఇళ్ళవారు ఇంజినీరును పిలిపించుకుని చూపించిన తరువాతే మొదటి కుండీ ఎక్కించాలి.

చెమ్మ విషయానికి వస్తే, నిలిచిన నీరే అసలు కారణం, మొక్క కాదు. కుండీ అడుగు నేలకు ఆని ఉంటే అక్కడ తడి ఆరదు, ఆ తడి సన్నని పగుళ్ళలోంచి దిగి కప్పులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. అందువల్ల ప్రతి కుండీ నాలుగైదు అంగుళాల ఎత్తున స్టాండు మీదగానీ ఇటుకల మీదగానీ ఉండి, కింద చీపురు దూరేంత సందు ఉండాలి. వర్షాలు మొదలుకాకముందే తూములు శుభ్రం చేయించి, పగుళ్ళు పూడ్పించి, కింది గదుల కప్పులో ఎక్కడైనా పెచ్చులూడటం, తుప్పు మరకలు ఉన్నాయేమో చూడండి. అవి కనిపిస్తే మొక్కల కన్నా ముందు మరమ్మతే జరగాలి.

చెల్క (అల్వాల్):

మీ మరిదిగారి మట్టిని మర్యాదగా వద్దనండి. సెల్లారు కోసం పది, పదిహేను అడుగులు తవ్వినప్పుడు వచ్చేది మొరం. అది ఎర్రగా ఉంటుంది కానీ మొక్కను పోషించే మట్టి కాదు. నేలలో సేంద్రియ పదార్థమూ, సూక్ష్మజీవులూ చాలావరకు పైన ఉండే జానెడు, మూరెడు పొరలోనే ఉంటాయి. పైగా కట్టడాల దగ్గరి మట్టిలో సున్నం, సిమెంటు కలిసి ఉంటాయి, మీ బోరు నీటికి అవి తోడైతే క్షారగుణం ఇంకా పెరుగుతుంది. నల్లరేగడి కూడా కుండీకి తగదు, తడిస్తే ముద్దవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఊరి వైపు పంట వేసిన చెల్క (ఎర్ర ఇసుక నేల) నుంచి పైమట్టి నాలుగు బస్తాలు తెప్పించుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

నా పాళ్ళు ఇవి: జల్లించిన చెల్క మట్టి ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు. 15 అంగుళాల సంచికి వంద గ్రాముల వేప పిండి కలుపుతాను. పచ్చి పేడ ఎప్పుడూ వేయకూడదు. వేళ్ళ దగ్గర వేడి పుట్టి మొక్క మాడిపోతుంది, వేరుపురుగు చేరుతుంది. వానాకాలంలో కుండీ మొక్కలను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది నారుకుళ్ళు, ఎండు తెగుళ్ళు గనుక, పది కిలోల ఎరువుకు ఒక కిలో వేప పిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళను అణచే, మొక్కకు మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగనిచ్చి, ఆ ఎరువునే మిశ్రమంలో వాడండి. మీరు ఇప్పుడు మొదలుపెడితే తొలకరికి అది సిద్ధమవుతుంది.

కుండీ పరిమాణాన్ని కొందరు ఖర్చును బట్టి నిర్ణయిస్తారు, దానిని వేరును బట్టి నిర్ణయించాలి. ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు చాలు, వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది. మిర్చికి 12 అంగుళాలు, టమాటాకు 12 నుంచి 15, వంగకు 15, ఆనప, బీర తీగలకు 18 అంగుళాలకు తక్కువ కానివి కావాలి. బెండ వేరు సూటిగా దిగుతుంది కనుక వెడల్పు తక్కువైనా 12 అంగుళాల లోతు తప్పనిసరి. రంగుల డబ్బాలు, పాత బకెట్లు, బియ్యం సంచులు అన్నీ పనికొస్తాయి, అడుగున రంధ్రాలు మాత్రం నాలుగైదు ఉండాలి. ఆకుకూరల కోసం థర్మోకోల్ పెట్టెలు వెతుక్కోవాలనుకుంటే మృగశిర నాడు రాంనగర్ చేపల మార్కెట్టుకు వెళ్ళండి. ఆ రోజు నగరమంతా చేపలు కొంటుంది, ఖాళీ పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని కడిగి రెండు రోజులు ఎండబెట్టాలని వేరే చెప్పనక్కరలేదు.

దేనితో మొదలుపెట్టాలన్న విషయంలో మీ అత్తగారి మాటే సరైనది. తోటకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది, పుంటికూర నెలన్నరలో వస్తుంది, గంగవాయిలి కూర ఒకసారి నాటితే తానే విత్తనాలు రాల్చుకుని మళ్ళీ మళ్ళీ మొలుస్తుంది. ఈ మూడూ మన వేడిని, తొలకరి జల్లులను తట్టుకుంటాయి. వీటితో ఒక కోత తీసేలోపు మీ మేడ మీద ఏ మూల ఎంతసేపు ఎండ పడుతుందో, ఏ కుండీ త్వరగా ఆరుతుందో మీకు తెలిసిపోతుంది. కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి, ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలు. అందువల్ల తూర్పు, దక్షిణ అంచులను కాయగూరలకు ఉంచి, అపార్ట్‌మెంటు నీడ పడే పడమటి వైపును ఆకుకూరలకు ఇవ్వండి. దూలం గారు చెప్పిన సుద్ద గీతలూ ఈ ఎండ లెక్కా ఒకదానితో ఒకటి కలవకపోతే బరువు లెక్కకే ఓటు వేయండి.

విత్తనాల విషయంలో, సంకరజాతి వద్దనుకుంటే టమాటాలో అర్క వికాస్, వంగలో భాగ్యమతి, మిర్చిలో గుంటూరు లాం కేంద్రం విడుదల చేసిన ఎల్‌సీఏ 334 మంచివి. వీటి విత్తనం మీరే ఎత్తి మరుసటి ఏడాదికి దాచుకోవచ్చు. బెండలో అర్క అనామిక పల్లాకు తెగులును తట్టుకునేలా రూపొందించిన రకం. పేరులో అర్క అని ఉన్నవన్నీ బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవి, వాటి విత్తనాలను ఆ సంస్థే ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. అర్క రక్షక్ టమాటా మూడు తెగుళ్ళను తట్టుకుంటుంది కానీ అది సంకరజాతి. దాని విత్తనం దాచి ప్రయోజనం లేదు.

బాల్కనీ (కూకట్‌పల్లి):

చెల్క గారి పాళ్ళు మేడకు సరిపోతాయి. కానీ ఆరో అంతస్తులో ఉండేవారు లిఫ్టులో మట్టి మోయలేరు, అపార్ట్‌మెంటు సంఘమూ ఒప్పుకోదు. అటువంటివారు నర్సరీ అతను చెప్పినట్టు మట్టి లేకుండానే కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు చెరిసగం కలిపి పండించుకోవచ్చు. ఐదు కిలోల పొట్టు ఇటుకను నానబెడితే 70 లీటర్ల వరకు పొంగుతుంది, ఎండిన ఇటుకను చేత్తో మోసుకుపోవచ్చు, నిండిన సంచి కూడా ఎంతో తేలికగా ఉంటుంది. సందెపొద్దు గారి కప్పు వయసు చూస్తే, గది నడిమధ్య పెట్టే తొట్లకైనా ఈ మిశ్రమమే మేలని నా అభిప్రాయం.

అయితే నర్సరీలో చెప్పని సంగతులు రెండున్నాయి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, నీళ్ళు పారబోసి, రంగు నీళ్ళు తేటపడేవరకు రెండు మూడు సార్లు కడగకుండా వాడితే లేత మొలకల ఆకు అంచులు మాడతాయి. ఇక రెండోది, కడిగినా సరే అది కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టి ఉంచుకుంటుంది. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్ళడం, అంటే అడుగు కుళ్ళు, పొట్టు ఎక్కువైన కుండీల్లో తరచు కనిపించడానికి ఇది ఒక కారణం. దానికి తెగులు మందు కొట్టి లాభం లేదు. నీళ్ళు ఒకరోజు వరదలా పోసి మరునాడు మరచిపోవడం వల్ల కూడా వేరు కాల్షియాన్ని అందుకోలేదు. కాబట్టి రోజూ ఒకే వేళకు, ఒకే తీరున తడి అందాలి. కోడిగుడ్డు పెంకులు దంచి వేయడం మంచిదే, కానీ అవి కరిగి మొక్కకు అందడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు ఆదుకుంటాయని ఆశపడకండి.

మట్టి లేని మిశ్రమం తనంతట తాను ఎక్కువ కాలం పోషించలేదు. పదిహేను రోజులకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు పైన వేసి, చేత్తో కెలికి, తడపాలి. రెండేళ్ళకు పొట్టు చివికి కూరుకుపోతుంది, అప్పుడు కొత్తది కలుపుకోవాలి. కుండీ కింద పళ్ళెం పెట్టేవారు వారానికొకసారైనా దానిలోని నీటిని పారబోసి రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

సందెపొద్దు (నాచారం):

ఇంత ఓపికగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మా వారు దూలం గారి సమాధానం రెండుసార్లు చదివి, సుద్దముక్క తీసుకుని మేడ ఎక్కారు. మరిదికి ఇంకా చెప్పలేదు.

నీళ్ళ గురించి ఇంకా స్పష్టత కావాలి. ఆర్‌ఓ యంత్రం బిగించినప్పుడు మా బోరు నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 900 మిల్లీగ్రాములకు పైనే ఉన్నట్టు చూపించారు. ఆర్‌ఓ నుంచి రోజూ బయటకు పోయే నీళ్ళు బకెట్ల కొద్దీ ఉంటున్నాయి, వాటిని మొక్కలకు మళ్ళించవచ్చా? అలాగే టమాటా నారు మృగశిరలోనే పోసుకోవచ్చా? మా పక్కింటివారు మార్చిలో పెట్టిన టమాటా మొక్కలు ఏపుగా పెరిగి, బాగా పూసి, ఒక్క కాయ కూడా నిలవలేదు. మిర్చి ఆకులు ముడుచుకుపోవడం కూడా వారి దగ్గరే చూశాను. ఆనపతీగను ఏ మూల ఎక్కించాలో కూడా చెప్పండి.

ఊటబావి (సైనిక్‌పురి):

ఆర్‌ఓ వదిలేసే నీటిని కుండీలకు పోయకండి. మంచి నీటిని వేరుచేయగా మిగిలిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి కనుక అది మీ బోరు నీటికన్నా ఉప్పగా ఉంటుంది. నేలలో ఉన్న చెట్టుకైతే ఆ ఉప్పు వానకు లోపలికి దిగిపోయే అవకాశం ఉంది. కుండీలో అది దిగిపోయే చోటే లేదు, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఆ నీళ్ళతో మేడ, వాకిలి, బండ్లు కడుక్కోండి.

బోరు నీటిని పూర్తిగా మానుకోనక్కరలేదు. మన నగరం కింద ఉన్నది గ్రానైటు, దాని పగుళ్ళలో నిలిచిన నీరు చాలా వాడల్లో ఇలాగే ఉంటుంది, అయినా అందరూ పండిస్తూనే ఉన్నారు. ఆ నీటిలోని బైకార్బొనేట్లు నెమ్మదిగా మట్టి క్షారగుణాన్ని పెంచుతాయి, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. కొత్త ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయంటే అదే సూచన. ముదురు ఆకులు పసుపుబారితే మాత్రం చాలాసార్లు నత్రజని కొరత, దానికి ఎరువు వేస్తే సరిపోతుంది. రెండింటినీ ఒకటిగా అనుకుని ఎరువు గుప్పించేవారే ఎక్కువ. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తే దాన్ని గీకి తీసేసి, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేవరకు నల్లా నీరుగానీ వాన నీరుగానీ పోసి, పేరుకున్న ఉప్పును కడిగేయాలి. వేసవిలో నెలకొకసారి ఇలా చేయడం మంచిది. వానాకాలంలో ఆ పని వానే చేస్తుంది.

మేడ మీది నుంచి పైపు దించే ఓపిక ఉంటే ఒక డ్రమ్ములో వాన నీరు పట్టి మూత పెట్టుకోండి, నారుమడులకూ లేత మొక్కలకూ అదే పోయండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, దాన్ని బోరు నీటిలో కలుపుకోవచ్చు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు నిరభ్యంతరంగా పోయవచ్చు; గిన్నెలు తోమిన సబ్బు నీళ్ళు వద్దు. ఎప్పుడు పోయాలన్నదానికి గడియారం కన్నా వేలు నమ్మకమైనది: రెండు అంగుళాల లోతున తడి తగిలితే ఆ పూటకు ఆపేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఉదయం, సాయంత్రం రెండు పూటలా తప్పదు.

చెల్క (అల్వాల్):

పక్కింటివారి టమాటాకు వచ్చినది రోగం కాదు, కాలం కాని కాలం. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటిన రోజుల్లో టమాటా పుప్పొడికి బలం ఉండదు, పువ్వు విచ్చుకున్నా కాయ కట్టకుండా రాలిపోతుంది. మార్చిలో నాటిన మొక్క పూతకు వచ్చేది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో. హైదరాబాదులో మేడ మీద టమాటాకు శీతాకాలమే అసలైన కాలం. ఆగస్టు చివర నారు పోసి, 25, 30 రోజుల నారును సెప్టెంబరులో నాటితే, రాత్రులు చల్లబడే సమయానికి పూత వచ్చి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కోసుకోవచ్చు. జూన్‌లో పోసినా కాస్తుంది కానీ ఎడతెగని ముసురులో ఆకుమచ్చ, ఎండు తెగుళ్ళతో పోరాడాలి, మొదటి ఏడాదికి ఆ తంటా వద్దంటాను. పువ్వులు విచ్చిన రోజుల్లో ఉదయం పూట కొమ్మను వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి కాయ బాగా పడుతుంది.

మృగశిరకు వంగ, మిర్చి నారు పోసుకోండి, బెండ గింజలు రాత్రి నానబెట్టి నేరుగా కుండీలోనే పెట్టండి. బెండ 45 రోజుల్లో కాపుకు వస్తుంది, దాన్ని రెండు రోజులకొకసారి తప్పక కోయాలి. మొక్కకు ఒకటి రెండు కాయలే వస్తాయి కాబట్టి నలుగురున్న ఇంటికి ఒక పూట కూర కావాలంటే పది మొక్కలన్నా ఉండాలి. ఈ లెక్క ముందే తెలియక చాలామంది నిరాశపడతారు. వంగ అలా కాదు, మూడు నాలుగు మొక్కలే నెలల తరబడి కాస్తాయి, కాపు తగ్గినప్పుడు అడుగు ఎత్తుకు కత్తిరించి ఎరువు వేస్తే మళ్ళీ చిగురిస్తాయి. వంగ చివర్లు వాడి తలవాల్చాయంటే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే; వాడిన చోటికి అంగుళం కిందికి తుంచి, చెత్తలో వేయకుండా నలిపి పారేయండి.

మిర్చి ముడతలో రెండు రకాలున్నాయి, మందు కొనేముందు ఆకును చేతిలోకి తీసుకుని చూడాలి. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే అది పైముడత, తామర పురుగులు చేసే పని. కిందికి ముడుచుకుని, ఆకు కాడ సాగి, ఆకు ముదురు రంగుకు తిరిగితే అది కిందిముడత, తెల్లనల్లి వల్ల వస్తుంది. మొదటిదానికి నీలం రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిసేలా వారానికొకసారి పిచికారి చేయండి. రెండవదానికి నీటిలో కరిగే గంధకపు పొడి లీటరుకు మూడు గ్రాములు బాగా పనిచేస్తుంది, కానీ మండుటెండలో వాడకూడదు, వేపనూనె కొట్టిన వెంటనే కూడా వాడకూడదు, ఆకులు మాడతాయి. టమాటా ఆకుముడత వీటికి భిన్నం. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, వచ్చిన మొక్కకు మందు లేదు, పీకేసి మిగతా మొక్కల దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టడమే మార్గం.

జూలైలో నాలుగు కుండీల్లో బంతి నారు కూడా వేసుకోండి. వేర్లను పట్టే నులిపురుగులను బంతి అదుపులో ఉంచుతుంది, తేనెటీగలను రప్పిస్తుంది. బతుకమ్మ నాటికి పూలు కొనే పని ఉండదన్నది నా వరకు అసలు కారణం.

బాల్కనీ (కూకట్‌పల్లి):

ఆనపకు మొదట పూసేవన్నీ మగపూలే, అవి రాలిపోతే కంగారుపడకండి. ఆడపువ్వు మొదట్లోనే చిన్న పిందె ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, దోస, కాకర పూలు ఉదయం విచ్చుకుంటాయి. అపార్ట్‌మెంట్ల మధ్య సాయంత్రం పూట కీటకాలు అంతగా రావు కనుక, పొద్దుగూకే వేళ ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రాయండి. పిందెలు పసుపుబారి రాలడానికి చాలాసార్లు ఈ పరాగం అందకపోవడమే కారణం. తీగ పది ఆకులు వేశాక కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా ఆ కొమ్మల మీదే పూస్తాయి. పాదుచిక్కుడు కూడా ఒకటి జూలై, ఆగస్టుల్లో పెట్టుకోండి. పగటి వేళ తగ్గితేగానీ పూయదు కాబట్టి శీతాకాలం వరకు ఆకులే చూస్తూ ఉండాల్సి వస్తుంది.

దూలం (తార్నాక):

పందిరి గురించి ఒక మాట చేర్చాలి. ఆనపతీగకు మేడ మీద వేసే పందిరి, వేసవిలో కట్టే షేడ్ నెట్ రెండూ గాలికి తెరచాపలే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే గాలివానలు హోర్డింగులనే పడగొడతాయి. పందిరి గుంజలను కప్పులోకి రంధ్రాలు చేసి దించవద్దు, అక్కడి నుంచే చెమ్మ మొదలవుతుంది. సిమెంటు నింపిన డబ్బాల్లో గుంజలు నిలిపి, ఆ డబ్బాలను కింద దూలం ఉన్న గీత మీద ఉంచి, గుంజలను తాళ్ళతో నాలుగు వైపులా బిగించండి. కట్టడానికి నీళ్ళ ట్యాంకు గొట్టాలను మాత్రం వాడవద్దు. మీ మేడకు నైరుతి మూలన ట్యాంకు దిమ్మె కింద దూలాలు ఎలాగూ బలంగా ఉండాలి గనుక, ఆ దిమ్మెకు తూర్పు పక్కన, గోడ వెంబడి, మనిషి ఎత్తుకు మించని పందిరి వేసుకోవచ్చు. షేడ్ నెట్‌ను ముడులు వేసి శాశ్వతంగా కట్టకుండా, మబ్బు కమ్మగానే ఒక్కరే లాగి చుట్టేయగలిగేలా కొక్కేలకు తగిలించండి. మీ వారు గీసిన గీతలు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే మేడ ఫొటో, కింది గదుల కొలతలు ఇక్కడ పెట్టమనండి, చూసి చెబుతాను.

సందెపొద్దు (నాచారం):

వారి తరఫున నేనే ఆదివారం కొలతలు తీసి పెడతాను. ట్రైకోడెర్మా కలిపిన ఎరువు ఈ రోజే నీడలో పెట్టించాను, పుంటికూర విత్తనాలు మా అత్తగారి పుట్టింటి నుంచి వస్తున్నాయి.